అజామిళుడు, భరతుడు, బంతియాట

మనుష్యుని గతిని నిర్ణయించునది అతని జీవితమంతయునా, లేక ఆ జీవితపు తుదిఘడియయా అను ప్రశ్నకు మన పురాణములు ఒక్క సమాధానముతో తృప్తి నొందలేదు. రెండు సమాధానములు చెప్పి, రెంటికిని రెండు కథలు కూర్చి, ఆ కథలను ప్రక్కప్రక్కనే నిలిపి, తీర్పు భారమును చదువరి తలపై నుంచినవి. భాగవత పంచమస్కంధమున భరతుడను రాజర్షి సామ్రాజ్యమును తృణప్రాయముగ విడిచి, గండకీ తీరమున పులహాశ్రమమందు చిరకాలము తపస్సు చేసి, ఏటి వరదలో కొట్టుకొనిపోవుచున్న లేడిపిల్ల నొకదానిని కనికరముతో చేరదీసి, దానిపై క్రమముగా మమకారము పెంచుకొని, ప్రాణోత్క్రమణ వేళ దానినే తలచుచు కన్నుమూసి, లేడియై పుట్టెను. ఆ పుటలు త్రిప్పిన కొలదికాలమునకే షష్ఠస్కంధమున అజామిళుడు ఎదురగును. ఆచారమును, ఇల్లాలిని, కన్నవారిని విడిచి, జూదముతోను చౌర్యముతోను 88 ఏండ్ల వయస్సు వఱకు గడపి, యమభటులు కంటబడిన క్షణమున భయముచే తన కడగొట్టు కొడుకును “నారాయణా” యని పిలిచి, ఆ పిలుపు చేతనే పాశవిముక్తుడయ్యెను. (తెనుగున ఈ రెండు స్కంధములును పోతన్న చేతివి కావు, అయిదవది గంగన, ఆఱవది ఏర్చూరి సింగన రచించినవి. అంతయు పోతన్నకే కట్టబెట్టు అలవాటు మనకు పోదు.)

ఒకనికి ఆయువంతటి తపస్సును ఒక్క తలపు మ్రింగినది. మఱియొకనికి ఆయువంతటి పాపమును ఒక్క పిలుపు తుడిచివేసినది. గీతలో ఎనిమిదవ అధ్యాయము అంత్యకాల స్మరణమునకు ఇంతటి ప్రాధాన్యమే యిచ్చుచున్నది. బ్రతికినన్నాళ్ళు దేనిని తలచునో దానినే చచ్చునపుడును తలచును గనుక అంత్యస్మరణ మనగా జీవితసారమే యని వ్యాఖ్యాతలు సమన్వయింతురు. సమన్వయము చక్కగానే యున్నది గాని, అజామిళుని యెదుట అది నిలువదు. అతడు జీవితమంతయు తలచినది నారాయణుని గాదు.

ఈ చిక్కు ప్రశ్నను ఏటేట అక్టోబరు మాసమున, వేలాది ప్రేక్షకుల సమక్షమున, లెక్కలతో సహా పరీక్షించు స్థల మొకటి భూమిపై గలదు. అది జపాను దేశపు వృత్తి బేస్‌బాల్ రంగము. క్రీడను తత్త్వమునకు దృష్టాంతముగా గొనుట పండితులకు చిన్నతనముగ తోచవచ్చును. కాని ధర్మరాజు జూదమాడిన సభలో నుండియే మహాభారతమున ధర్మ మనగా నేమి యను ప్రశ్న పుట్టినది గదా.

అచటి యేర్పాటును ముందుగ తెలుపవలెను. 1950 నుండి జపాను బేస్‌బాల్ సెంట్రల్ లీగ్, పసిఫిక్ లీగ్ అను రెండు శాఖలుగా నడచుచున్నది. ఇప్పుడు శాఖకు 6 జట్లు. మార్చి నెలాఖరున మొదలిడి అక్టోబరు తొలిదినముల వరకు ఒక్కొక్క జట్టు 143 ఆటలు ఆడును. అనగా వారమునకు ఐదారు దినములు, వసంతపు చలిలో, వానకాలపు ముసురులో, వేసవి యుక్కలో, గెలిచిన నాడును ఓడిన నాడును మఱునాటి యాటకై లేచి పోవుటయే వారి జీవనము. పూర్వము ఈ దీర్ఘయాత్ర ముగిసిన పిమ్మట ఇరుశాఖలలోను అగ్రస్థానము నందిన జట్లు రెండును సూటిగ జపాన్ సిరీస్ అను అంతిమ సమరమునకు పోయెడివి. నడుమ 1973 మొదలు 1982 వరకు పసిఫిక్ లీగ్ వారు సంవత్సరమును రెండు భాగములు చేసి, పూర్వార్ధ విజేతను ఉత్తరార్ధ విజేతతో పోరించి చూచి, ఆ పద్ధతిని విడిచిరి.

అయితే అగ్రస్థానము సెప్టెంబరు నాటికే ఒక జట్టునకు ఖాయమైపోయిన ఏడు తక్కిన యైదు జట్ల యాటలకు ప్రాణ ముండదు. ప్రాణము లేని యాటకు టిక్కెట్టు కొనువాడు ఉండడు. అందుచే 2004లో పసిఫిక్ లీగ్, 2007 నుండి రెండు లీగులును, దీర్ఘయాత్ర పిదప మఱియొక పరీక్షను చేర్చినవి. దానికే 2007 నుండి క్లైమాక్స్ సిరీస్ అని పేరు. రెండవ, మూడవ స్థానముల జట్లు మొదట మూడు ఆటల పోరు సల్పును; అందు నెగ్గిన జట్టు అగ్రస్థానపు జట్టుతో, దాని సొంత మైదానముననే తలపడును; ఆ రెండవ అంకమున గెలిచినదే జపాన్ సిరీస్‌నకు పోవును. ఆదాయము కొఱకు పుట్టిన యేర్పాటని చెప్పుటకు సంకోచింప నక్కఱలేదు. కాని ఆదాయము కొఱకు కట్టిన సత్రములో తత్త్వవేత్త బస చేయరాదను నియమ మెక్కడను లేదు.

దీని మొదటి రెండేండ్ల చరిత్రయే నన్ను ఆకర్షించినది. ఫుకువోకా నగరపు హాక్స్ జట్టునకు అప్పుడు నాయకుడు ఓ సదహరు. ఆయన ఆటగాడుగా నున్న 1959 మొదలు 1980 వరకు గల 22 ఏండ్లలో 868 హోమ్‌రన్లు కొట్టెను. బంతి వచ్చు వేళ కుడికాలు ఎత్తి, ఒంటికాలిపై కొంగ వలె నిలిచి కొట్టు ఆయన విధానము లోకప్రసిద్ధము. ఆ విధానము ఒక్కనాట అబ్బినది కాదు. గురువైన అరకవా హిరోషి ఆయనను ఉయెషిబా మొరిహెయ్ ఐకిడో విద్యాస్థానమునకు గొనిపోయెను. వ్రేలాడు కాగితపు ముక్కను జపాను ఖడ్గముతో నఱకుట నేర్పెను. ఆ సాధన రాత్రుల కొలది సాగెను. తాను ఆటగాడుగా నున్న యోమియురి జయంట్స్ 1965 నుండి 1973 వరకు వరుసగ 9 పర్యాయములు జపాన్ సిరీస్ గెలిచిన కాలమున ఈ నడిమి పరీక్ష లేనే లేదు. సంవత్సరమంతయు ముందున్నవాడే ముందున్నవాడు. అట్టి న్యాయమున పెరిగిన పురుషుడు నాయకుడై 2004లో 77 ఆటలు గెలిపించి హాక్స్‌ను ప్రథమ స్థానమున నిలిపెను. రెండవ స్థానమున సెయిబు లయన్స్. ఐదాటల పోరులో సెయిబు 3–2గా నెగ్గినది. నాటి నిబంధన ప్రకారము ఆ పోరులో నెగ్గినవారే లీగు విజేతలు; కావున సంవత్సరమంతయు ముందున్న హాక్స్‌నకు లీగు బిరుదము గూడ దక్కలేదు. సెయిబు జపాన్ సిరీస్ గూడ గెలిచినది. 2005లో హాక్స్ 89 ఆటలు గెలిచి మరల ప్రథమ స్థానమున నిలిచినది, మరల ఐదాటల పోరు, మరల 3–2, ఈ మారు నెగ్గినది చిబా లోట్టె మెరీన్స్, వారును జపాన్ సిరీస్ గెలిచిరి. అన్నియు నున్నవి, అల్లుని నోట శని యను మాట హాక్స్ అభిమానులకు తెలిసియున్న యెడల ఆ శీతకాలమంతయు దానినే జపించియుందురు.

ఈ కథలో విధి తన చేతివ్రాలు చేసిన చోటు వేరొకటి కలదు. అగ్రస్థానపు జట్టు రెండవదానికంటె 5 ఆటల ఆధిక్యమున నున్నచో దానికి ఒక విజయము ముందుగనే కానుకగ నొసగవలెనని నాటి నిబంధన. హాక్స్ ఆధిక్యము 2004లో 4.5, 2005లోను 4.5. ఆ కానుక లభించియున్న పక్షమున, రెండు పోరాటములలోను ఐదవ యాటకు ముందే హాక్స్‌నకు కావలసిన మూడు విజయములు సమకూడియుండెడివి. ఏడాది పొడవున జరిగిన నూఱు పైచిలుకు ఆటలలో ఎచటనో ఒక సాయంకాలము జాఱిపోయిన అర్ధవిజయము రెండేండ్లును జట్టు గతిని మార్చినది. భరతుని లేడిపిల్ల కంటె ఇది పెద్దది కాదు.

జపాను ప్రజలకు ఈ అంత్యఘడియ వ్యవహారము కొత్త గాదు. వేయి యేండ్ల క్రిందటనే వారు దానిని శాస్త్రముగ దీర్చిరి. 985లో హియే పర్వతమున నున్న గెన్షిన్ అను భిక్షువు ‘ఓజోయోషు’ అను గ్రంథమును రచించి, అమితాభ బుద్ధుని శుద్ధభూమియందు పుట్టదలచిన వాడు మరణవేళ ఎట్లు మెలగవలెనో వివరించెను. మఱుసటి యేడే ఆ పర్వతముననే యోకవా లోయయందు భిక్షువులు కొందఱు ఒక సంఘముగ నేర్పడి, తమలో నెవ్వనికి చావు దగ్గఱ పడినను తక్కినవారు ప్రక్క జేరి నామజపము చేయుచు అతని మనస్సు చెదరకుండ కాపాడుదుమని ప్రతిజ్ఞ చేసికొనిరి. రోగి చేతిలో పంచరంగుల దారము నుంచి, దాని రెండవ కొసను అమితాభుని ప్రతిమ చేతికి కట్టెడి ఆచార మా కాలపుదే. మహామంత్రియై దేశమును గుప్పిట బట్టిన ఫుజివారా మిచినాగా వంటివాడును అట్టి దారమును పట్టుకొనియే ప్రాణములు విడిచెను. ఈ యేర్పాట్లన్నిటి వెనుక నున్నది భయమే: ఒక్క దుష్టచింత కడనిమిషమున చొరబడిన యెడల ఏండ్ల సాధన బూడిదలో పోసిన పన్నీరగునను భయము.

ఆ భయమును త్రోసివైచినవాడు షిన్రాన్. 1173లో పుట్టి 1263 వరకు జీవించిన ఈ గురువు, శ్రద్ధ కుదిరిన నాడే జీవుని గతి నిశ్చితమైనదనియు, అది సామాన్య దినములలోనే జరుగుననియు, అంత్యక్షణమునకై కాచుకొని యుండవలసిన పనిలేదనియు బోధించెను. చావుమంచము ప్రక్క దారము కట్టు వారి శ్రమ అప్పటినుండి ఐచ్ఛికమై పోయినదని చెప్పవచ్చును, ఆచారము మాత్రము ఒక్కనాట మాయము కాకున్నను. ఆయనకు సమకాలికుడు డోగెన్ మఱియొక మార్గమున దీనినే సమీపించెను: సాధన యొక చోటను, సిద్ధి యొక చోటను లేవు, కూర్చుండి ధ్యానించుటయే బోధి యని ఆయన మతము. ఈ మతము ప్రకారము చూచిన ఏప్రిల్ మాసపు చలిరాత్రి ఎవ్వరును గుర్తుంచుకొనని ఆట యందు నిష్ఠతో ఆడిన ఆటగానికి ఫలము అక్టోబరున రావలసినది కాదు. అది ఆ రాత్రియే చేతికందినది.

ఇప్పుడు 2007 నాటి సంస్కరణమును చూడుడు. రెండు లీగులును క్లైమాక్స్ సిరీస్‌ను స్వీకరించిన ఆ యేట ఒక కీలకమైన మార్పు జరిగినది: అక్టోబరు పోరులో ఎవ్వరు నెగ్గినను, లీగు విజేత యను బిరుదము మాత్రము దీర్ఘయాత్రయందు అగ్రస్థానమున నిలిచినదానికే చెందును, అక్టోబరు విజేతకు జపాన్ సిరీస్ ద్వారము మాత్రమే తెఱవబడును. 2008 నుండి అగ్రస్థానపు జట్టునకు ఆధిక్యపు కొలతతో పనిలేకుండ ఒక విజయము ముందే లెక్కింపబడసాగెను. అంతిమ దశలో నాలుగు విజయములు కావలసియుండగా మూడే గెలిచిన చాలును. ఆటలు సమానమై తేలినచో పై స్థానపు వారిదే గెలుపు. జట్ల యజమానులు షిన్రాన్‌ను పఠించి ఈ నిర్ణయమునకు వచ్చిరని నేను చెప్పుట లేదు; వారు చేసినది బేరము, రెండు పక్షముల వారికిని కొంత కొంత యిచ్చి ఒప్పించుట. కాని ఆ బేరములో, తాము ఎఱుగకయే, ఒక పెద్ద తాత్త్విక భేదమును వారు పాటించిరి. సామాన్య దినములు సంపాదించిన దానిని తుదిఘడియ హరింపజాలదు. తుదిఘడియకు గల యధికారము ముందున్న ద్వారము వఱకే. 2004లో నున్న న్యాయము ఈ రెంటిని ఒకే త్రాసులో వైచి తూచినది. అందుచేతనే అది క్రూరముగ కన్పట్టినది.

ఈ కొత్త న్యాయమునకు మొదటి పరీక్ష మొదటి యేటనే, 2007లోనే, వచ్చెను. సెంట్రల్ లీగ్‌లో అగ్రస్థానము నందిన జయంట్స్‌ను రెండవ స్థానపు చూనిచి డ్రాగన్స్ మూడాటలలో మూడును గెలిచి ఓడించిరి. జయంట్స్‌నకు లీగు బిరుదము మిగిలెను. డ్రాగన్స్ జపాన్ సిరీస్‌నకు పోయిరి. అచట నిప్పన్ హామ్ ఫైటర్స్‌పై 3–1 ఆధిక్యముతో నవంబరు 1వ తేదీన నగోయా మైదానమున ఐదవ యాట కారంభము చేసిరి. డ్రాగన్స్ పిచ్చర్ యమాయి దైసుకె ఎనిమిది ఇన్నింగ్సులు బంతి వేసెను. 24 మంది బ్యాటర్లు వచ్చిరి, 24 మందియు మఱలిపోయిరి. ఒక్కడైనను మొదటి బేస్‌ను చేరలేదు. ఇంకను ముగ్గురిని వెడలగొట్టినచో జపాన్ సిరీస్ చరిత్రలో ఏ పిచ్చరును ఎన్నడు సాధింపని పరిపూర్ణ క్రీడ అతని పేర నిలుచును. స్కోరు 1–0. తొమ్మిదవ ఇన్నింగ్సు మొదలగు వేళ నాయకుడు ఒచియాయి హిరోమిత్సు యమాయిని కూర్చుండబెట్టి, తన తుదియోధుడు ఇవాసె హితోకిని పిలిచెను. ఇవాసె ముగ్గురిని ముగ్గురుగా పంపివైచెను. డ్రాగన్స్ 1954 తరువాత మొదటిసారిగ జపాన్ విజేతలైరి.

యమాయి వ్రేలిపై బొబ్బ లేచినదని చెప్పుకొనిరి. అయినను దేశమంతట వాదప్రతివాదములు చెలరేగెను: ఒక మనుష్యుని జీవితమున ఎన్నడును మరల రాని పరిపూర్ణతను జట్టు గెలుపు పేర బలి యొసగుట న్యాయమా? నేను ఒచియాయి పక్షమువాడను. అందుకు కారణము క్రీడానీతి కాదు, భాగవతమే. 53 ఏండ్లుగా ఆ జట్టు చేయుచున్న తపస్సు ఫలించు గడియలో లేడిపిల్ల నీటిలో కొట్టుకొని వచ్చుచున్నది. అది అందమైనది, కరుణకు పాత్రమైనది, చేరదీయకుండ నుండుట రాతిగుండె గలవానికిగాని సాధ్యము గాదు. ఒచియాయి దానిని చేరదీయలేదు. భరతునకు తెలిసియు చేతగానిది ఇతనికి చేతనైనది. ఇది గొప్పతనమా, కాఠిన్యమా యని నన్నడిగినచో రెండును అందును.

అంత్యఘడియకు ఇంత శక్తి ఎచటినుండి వచ్చుచున్నది? ఇచట దైవ పురుషకారముల చర్చ వచ్చును. అనుశాసనపర్వమున ధర్మరాజు ఈ రెంటిలో ఏది గొప్పదని భీష్ముని అడుగగా, ఆయన పూర్వము బ్రహ్మ వసిష్ఠులకు జరిగిన సంవాదమును చెప్పి, పురుషకారమును పొలముతోను దైవమును విత్తనముతోను పోల్చి, రెండును కలిసినగాని పంట లేదనెను. బేస్‌బాల్ అను ఆటలో విత్తనపు పాలు తక్కిన యాటల కంటె హెచ్చు. 2024లో పసిఫిక్ లీగ్‌లో అగ్రస్థానము నందిన హాక్స్ 91 ఆటలు గెలిచి 49 ఓడినది, 3 సమానముగ ముగిసినవి. అనగా ఆ లీగులో సాటిలేని జట్టుగూడ తేలిన ఆటలలో మూడింట ఒకటికి పైగా ఓడిపోయినది. ఒక గుండ్రని బంతిని గుండ్రని కఱ్ఱతో కొట్టు పనిలో వేలి మందము తేడా వచ్చినచో హోమ్‌రన్ కావలసినది చేతిలో పడును. ఇట్టి క్రీడలో జట్ల తారతమ్యము తేలుటకు నెలలు కావలెను. ఆఱాటలలో అది తేలునని యనుకొనువాడు సంఖ్యల స్వభావమును ఎఱుగడు. ఆఱాటలలో తేలునది వేఱొకటి: నాటి రాత్రి ఎవని భుజము చురుకుగ నున్నది, ఎవని మనస్సు వణకకున్నది. అదియు విలువైన విషయమే. కాని అది తారతమ్యము కాదు.

అందుచేతనే మూడవ స్థానమునుండి లేచి వచ్చిన జట్ల కథలు జపాను ప్రజలకు అంత ప్రియములు. ‘గెకొకుజో’ యని, క్రిందివాడు పైవానిని కూల్చుటకు మధ్యయుగపు అరాజక కాలమున వాడిన మాటనే, ఇపుడు పత్రికలు ఈ జట్లకు కట్టబెట్టుచుండును. 2010లో చిబా లోట్టెకు మూడవ స్థానము చివరినాటి యాటకు గాని ఖాయము గాలేదు. వారు అంతిమ దశలో, కానుక విజయముతో గలిపి 3–1గా ముందున్న హాక్స్‌ను వరుసగ మూడు పర్యాయములు ఓడించి, జపాన్ సిరీస్‌ను గూడ గెలిచిరి. హాక్స్ మరల! 2017లో యోకొహామా డీఎన్ఏ బేస్టార్స్ మూడవ స్థానమునుండి పైకి వచ్చు దారిలో కోషియెన్ మైదానమున వానలో, బురదలో ఆడి 13–6గా హాన్షిన్ టైగర్స్‌పై గెలిచిరి. ఆ పిదప అగ్రస్థానపు హిరోషిమా జట్టును పడగొట్టిరి గాని జపాన్ సిరీస్ వారికి దక్కలేదు. ఆ దక్కనిది 2024లో దక్కినది. ఆ యేడు బేస్టార్స్ గెలిచినవి 71, ఓడినవి 69; అగ్రస్థానపు జయంట్స్‌కంటె 8 ఆటలు వెనుకబడి మూడవ స్థానమున నిలిచిరి. మొదట హాన్షిన్‌ను, పిదప కానుక విజయము గల జయంట్స్‌ను 4–3గా, కడకు 91 విజయముల హాక్స్‌ను 4–2గా గెలిచి, 1998 తరువాత తొలిసారి జపాన్ విజేతలైరి. 69 ఆటలు ఓడినవాడు దేశమునకెల్ల విజేత యగుట అజామిళోపాఖ్యానము కాక మఱేమి?

కొందఱు దీనిని అధర్మమని వాదింతురు. నేను వారితో సగము దూరము పోవుదును. జయంట్స్ 2024లో లీగు విజేతలే; ఆ బిరుదమును ఎవ్వరును హరింపలేదు. కాని ఒక్క విజయపు కానుక 143 ఆటల భారమునకు తగిన వెలయా యని అడిగినచో, కాదని నా అభిప్రాయము. ఎనిమిది ఆటల దూరమును అర్ధాట దూరమును ఒకే కానుకతో తూచుట, పుణ్యమును లెక్కింపక పుణ్యాత్ముడను పేరును మాత్రము లెక్కించుట వంటిది. చిత్రగుప్తుని కచ్చేరిలో ఇట్టి గుమాస్తా ఉండడు.

ఇక ప్రతిఫల మను మాట. హాక్స్ 2018లోను 2019లోను రెండవ స్థానమున నుండి, రెండు పర్యాయములును అగ్రస్థానపు సెయిబును ఓడించి, రెండు పర్యాయములును జపాన్ సిరీస్ గెలిచిరి. 2004లో ఇదే సెయిబు హాక్స్‌నకు చేసినదే ఇపుడు హాక్స్ సెయిబునకు చేసిరి. 2018లో లీగు విజేత యైనను ఓడిపోయిన సెయిబు నాయకుడు త్సుజి హత్సుహికో తన ప్రేక్షకుల యెదుట మాటాడుచు కన్నీరు ఆపుకొనలేకపోయెను. కర్మము తిరిగి వచ్చినదని సామాన్యులు అనుకొందురు. నేను ఒప్పుకొనను. ఫలమును అనుభవించుటకు కర్మ చేసిన కర్తయే ఉండవలెను గదా, 2004 నాటి హాక్స్ యజమాని దైయెయ్ సంస్థ, మఱుసటి యేటనుండి సాఫ్ట్‌బ్యాంక్, నాయకుడు మారెను, వదా త్సుయోషి వంటి ఒకరిద్దఱిని విడిచిన ఆటగాండ్రందఱును మారిరి. మిగిలినది పేరు, నగరము, అభిమానుల జ్ఞాపకము. నాగసేనుడు మిళిందునకు చూపిన రథము వలె, చక్రము జట్టు కాదు, ఇరుసు జట్టు కాదు. అయినను జట్టు కలదని అందఱును నమ్ముదురు, నమ్మి యేడ్తురు. బౌద్ధులు సంతాన మని చెప్పు ప్రవాహమునకు ఇంతకంటె సులభముగ కన్నులకు కట్టు ఉదాహరణము నాకు దొఱకలేదు. ప్రవాహమునకు కర్మ గలదా యను ప్రశ్నకు బౌద్ధులే రెండువేల యేండ్లుగా జవాబు వెదకుచున్నారు. ఫుకువోకా అభిమాని మాత్రము 2018 శరదృతువున ఆ జవాబు తనకు దొఱకినదనుకొని నిదురబోయియుండును.

మొదట చెప్పిన రెండు కథలను మనము సగములోనే విడిచితిమి. భరతుడు లేడియై పుట్టినను పూర్వస్మృతి పోలేదు. తన తప్పిదము నెఱిగి, మందను విడిచి మరల పులహాశ్రమమునకే చేరి, ఎండుటాకులు తిని, కాలమునకై వేచియుండి, మఱుసటి జన్మమున జడభరతుడై రహూగణునకు తత్త్వ ముపదేశించెను. చేసిన తపస్సు పోలేదు. దారి చుట్టు తిరిగినది. అజామిళుడును నాటికి నాడే వైకుంఠమున కేగలేదు. యమదూతలు విష్ణుదూతలు తన మంచము ప్రక్క చేసిన వాదమును విని, లేచి, ఇల్లు విడిచి, గంగాద్వారమునకు పోయి, అచట ఇంద్రియములను నిగ్రహించి యోగమున నిలిచిన తరువాతనే విమానమెక్కెను. ఈ భాగమును మన హరికథకులు తొందరలో విడుచుచుందురు. నామమహిమకు ఇది అడ్డు వచ్చునని కాబోలు. కాని అడ్డు రాదు. నామము పాశమును తెంచినది. దారి మాత్రము అతడే నడువవలసి వచ్చినది. భాగవతము తుదిఘడియకు తలుపు తీయు శక్తిని ఒప్పుకొన్నది గాని ఇల్లు కట్టు శక్తిని ఇచ్చినట్లు కనబడదు.

2024లో జపాన్ విజేతలైన బేస్టార్స్ 2025 మార్చిలో తక్కిన జట్లన్నిటితో పాటు సున్న విజయములతో మరల మొదలిడిరి. ఆ యేడు వారు రెండవ స్థానమున నిలిచిరి; మొదటి అంకమున జయంట్స్‌ను దాటిరి; రెండవ అంకమున, సెప్టెంబరు 7వ తేదీ నాటికే లీగు బిరుదమును ఖాయము చేసికొనియున్న హాన్షిన్ టైగర్స్ చేతిలో ఒక్క ఆటయు గెలువకుండ ఓడిపోయిరి. ఈ మారు దీర్ఘయాత్రయు తుదిఘడియయు ఒకే జట్టు పక్షమున పలికినవి. జపాన్ సిరీస్‌లో ఆ హాన్షిన్‌ను 4–1గా ఓడించినది హాక్స్, వారును తమ లీగున అగ్రస్థానమున నిలిచినవారే. అయితే ద్వారము చేరుటకు ముందు నిప్పన్ హామ్ వారు హాక్స్‌ను కానుక విజయము లెక్కింపగా 3–3 వఱకు ఈడ్చిరి, ఆ కానుక లేనిచో కథ ఏమైయుండునో ఫుకువోకాలో ఎవ్వరును గట్టిగా అడుగలేదు.